తీసెయ్యని పదకొండు నిమిషాలు

పోయినేడు ఫిబ్రవరి రెండో వారంలో, మా మిరపచేలో పెద్ద కోత మొదలయ్యే ముందురోజు, మా ఆవిడ రాజ్యం చెల్లెలి కూతురు శ్రీరమ్య సింగరాయకొండ నుంచి కారేసుకుని మా ఇంటికి వచ్చింది. వెంట ఇద్దరు కుర్రాళ్లు. మార్క్ కెమెరా చూసేవాడు. హయాత్ మాటలూ చప్పుళ్లూ రికార్డు చేసేవాడు. డిక్కీలోంచి పెట్టెలు దిగుతుంటే వీధిలో జనం పోగయ్యారు. పర్చూరుకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊళ్లో సినిమా తియ్యడానికి అంతకుముందు ఎవరూ వచ్చింది లేదు.

"హీరో ఎవరమ్మా?" అనడిగాను.

"మీరే పెదనాన్నా. మీరూ, పెద్దమ్మా, మామ్మగారూ, మాధురీ."

"కథ?"

"కోత మొదలైన దగ్గర్నుంచి కాయ గుంటూరు వెళ్లేదాకా మీరు రోజూ ఏం చేస్తారో అదే. నటించక్కర్లేదు. మేమున్నామని మర్చిపోతే చాలు."

నాకు నవ్వొచ్చింది. సినిమా అంటే నాకు పిచ్చి. ఇరవయ్యేళ్ల వయసులో మొదటాట టికెట్ల కోసం తోపులాటలో చొక్కాలు చింపుకున్నవాణ్ణి. యాభై దాటినా మొదటి వారంలోనే చూడాలి నాకు. పది నిమిషాలకోసారి ఏదో ఒకటి జరగాలి. ఫైటో, పాటో, కనీసం ఎవడో ఒకడు తలుపు తన్నుకుని లోపలికి రావాలి.

ఆ పూట అన్నాల దగ్గర శ్రీరమ్య తన లాప్‌టాప్‌లో ఇదివరకు తను తీసిన సినిమా ఏదో చూపించింది. ఒక ముసలాయన వల అల్లుతున్నాడు. అల్లుతూనే ఉన్నాడు. నేను పెరుగన్నం కలుపుకుని, తిని, చెయ్యి కడుక్కుని వచ్చినా ఇంకా అల్లుతూనే ఉన్నాడు.

"ఎప్పుడవుద్దమ్మా ఇది?" అన్నాను.

"ఏది పెదనాన్నా?"

"ఏదో ఒకటి. ఏదో ఒకటి అవ్వాలిగా."

"వల అవుతోందిగా," అంది. తర్వాత కాస్త సీరియస్‌గా చెప్పింది. "మామూలు సినిమాల్లో మన కన్ను కుదురుకునేలోపే షాట్ మార్చేస్తారు పెదనాన్నా. కాసేపు ఆగితే మొదట బోరు కొడుతుంది. ఆ బోరు దాటాక కన్ను తనంతట తనే వెతుక్కోవడం మొదలెడుతుంది. నాకు ఆ వెతుక్కోవడం ఇష్టం."

"డబ్బులిచ్చి వెతుక్కోవడం ఎందుకమ్మా? చూపించాల్సింది మీరు కదా," అన్నాను. రాజ్యం కుర్రాళ్లకి వడ్డిస్తోంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి మాధురి తల వంచుకుని తింటోంది.

ఆ సీజనంతా నాకు కంటిమీద కునుకు లేదు. నల్లతామర పురుగు పక్క ఊరి చేలని ఊడ్చేసింది. మా చేను ఎలాగో బతికింది. బతికిన కాయ కోతకొచ్చింది. కోసిన కాయ కల్లంలో ఎర్రగా పరుచుకుని ఉంది. కల్లంలో ఉన్న కాయ ఇంకా రైతుది కాదు, ఆకాశానిది. తడిస్తే రంగు పోతుంది, మచ్చ పడుతుంది, బూజు పట్టి విషం చేరుతుంది, అఫ్లటాక్సిన్ అంటారు, కొనేవాడు వేలితో తాకి వదిలేస్తాడు. పొద్దున లేవగానే ఫోన్లో వాతావరణం చూసేవాణ్ణి. బండెక్కే ముందు ఒకసారి, బండి దిగాక ఒకసారి. బాపట్ల వైపు మబ్బు పట్టిందని ఎవరైనా అంటే చాలు, ఉన్న పని వదిలేసి కల్లానికి పోయేవాణ్ణి.

నా గొంతు పెద్దది. మా నాన్నదీ పెద్దదే. అవతలి గట్టు మీద ఉన్నవాడికి వినిపించాలంటే అరవాలి, పొలం పని వల్ల అలవాటైపోయిందని చెప్పుకునేవాణ్ణి. రాజ్యం మీద నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. ఈ మాట కూడా చాలాసార్లు చెప్పుకున్నాను, నాలో నేనే.

మార్చి మొదట్లో ఒక మధ్యాహ్నం నిజంగానే వాన వచ్చింది. నా బుల్లెట్ బండి మీద కల్లానికి దూసుకొచ్చేసరికి రాజ్యం, మాధురి, ముగ్గురు కూలీలు పట్టాలు కప్పుతున్నారు. రాజ్యం పట్టుకున్న చివర గాలికి జారిపోయింది. పట్టా లేచి ఎగిరింది. చినుకులు కాయ మీద పడ్డాయి.

"ఒక్క మూల పట్టుకోవడం రాదే నీకు! ఏం చేస్తున్నావే చేతుల్తో? తిన్నది ఎటు పోతోంది?" అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. అవన్నీ రాయను. చేతికందిన నీళ్ల బిందె తీసి విసిరాను. అది ఎవరికీ తగల్లేదు, రాళ్ల మీద పడి సొట్టపోయింది. ఎవరికీ తగలకుండా విసరడం నాకు బాగా వచ్చు.

వాన పది నిమిషాల్లో ఆగిపోయింది. పట్టాలు తీసి చూస్తే నాలుగు గంపల కాయ తడిసింది, అంతే. నాకు ప్రాణం లేచొచ్చింది. కూలీలతో జోకులు కూడా వేశాను. మోటారు షెడ్డు దగ్గర హయాత్ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు కర్ర నేలకి ఆన్చి నిలబడి ఉన్నాడు.

"ఏమయ్యా, నా డైలాగులన్నీ ఎక్కినయ్యా?" అన్నాను.

"లేదంకుల్. ఆపేశాను," అన్నాడు. నా వైపు చూడలేదు.

మంచి కుర్రాడనుకున్నాను. వానకి మెషిను తడుస్తుందని ఆపేశాడనుకున్నాను.

తర్వాత వారం ఇంటి వెనక రేకుల పంచలో తాలు ఏరే పని పెట్టుకున్నారు ఆడవాళ్లు. రంగు తగ్గి పాలిపోయిన కాయల్ని తాలు అంటాం. అవి ఎర్రకాయలో కలిస్తే రేటు పడిపోతుంది. గుట్ట ముందు కూర్చుని ఒక్కో కాయా చూసి ఏరి పక్కన పడెయ్యాలి. ఒకరోజు పదకొండు గంటలప్పుడు మంచినీళ్లకని ఇంటికొచ్చాను. పంచలో కెమెరా మూడుకాళ్ల స్టాండు మీద ఉంది. దాని వెనక ఎవరూ లేరు. మార్క్ గోడవారన కూర్చుని ఉన్నాడు, శ్రీరమ్య వాడి పక్కన. నేను నీళ్లు తాగాను. "ఏమన్నా తీశారా, ఊరికే కూర్చున్నారా?" అన్నాను.

"తీస్తున్నాం పెదనాన్నా," అంది శ్రీరమ్య.

సరేనని బండెక్కి వెళ్లిపోయాను. అందులో తీయడానికేముందో నాకు అర్థం కాలేదు.

ఏప్రిల్ మొదటివారంలో కాయ బస్తాలకెక్కి గుంటూరు వెళ్లింది. వాళ్లూ వెళ్లారు. మే నెలాఖర్లో శ్రీరమ్య ఫోన్ చేసింది. సినిమా ఒక రూపానికొచ్చిందనీ, ఎక్కడికో పోటీకి పంపాలనీ, పంపే ముందు అందులో కనిపించిన వాళ్లందరూ చూడాలనీ చెప్పింది.

"చూశాక కాగితం మీద సంతకం పెట్టాలి పెదనాన్నా. ఎవరికైనా ఏదైనా వద్దనిపిస్తే చెప్పండి, తీసేస్తాను. అది నా మాట."

పర్చూరు సినిమా హాలు వాళ్లని అడిగి, ఆదివారం మార్నింగ్ షోకి ముందు హాలు ఇప్పించుకుంది. నేను ఊరంతా చెప్పాను. రెండు ట్రాక్టర్లలో జనం వచ్చారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. అయినా లోపల బెంగగానే ఉంది. తెర మీద నేనెలా ఉంటానో, నా పొట్ట కనిపిస్తుందో, ఊళ్లోవాళ్లు ఏమని నవ్వుతారో అని. మా వైపు హాళ్లలో ఇప్పటికీ ఆడవాళ్లు ఒకవైపు సర్దుకుంటారు. రాజ్యం, మాధురి, మా అమ్మ వెంకటేశ్వరమ్మ ఎడమవైపు వరసలో కూర్చున్నారు. నా పక్కన మా బుల్లయ్య కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ నా స్నేహితుడు.

మొదటి అరగంట బాగానే గడిచింది. ఎవరి మొహం కనిపిస్తే వాళ్ల పేరు పెట్టి అరిచారు. ఈలలు వేశారు. కోత కూలీలు తుమ్ముతుంటే హాలంతా నవ్వింది. ఆ తర్వాత ఉత్సాహం తగ్గింది. చేను మీద పొద్దెక్కడం ఒకటే షాటు. ట్రాక్టరు దుమ్ము అణిగేదాకా ఒకటే షాటు. కుర్చీలు కిర్రుమంటున్నాయి. ఫోన్లు వెలుగుతున్నాయి. బుల్లయ్య పెద్దగా ఆవలించి, "ఇంటర్వెల్ ఉందంట్రా?" అన్నాడు.

అప్పుడు మా పంచ తెర మీదకి వచ్చింది.

కెమెరా కదలదు. ఎడమవైపు రాజ్యం, మధ్యలో మా అమ్మ, కుడివైపు మాధురి, ముందు ఎర్రటి గుట్ట. వాళ్ల వెనక సందులోకి తెరుచుకునే తలుపు. చేతులు ఆడుతున్నాయి. తాలుకాయ ఒకవైపు, మంచికాయ ఒకవైపు. రాజ్యం ఏదో కూనిరాగం తీస్తోంది. నాకు ఆ రాగం తెలీదు. ఆవిడ పాడుతుందని కూడా తెలీదు. కాసేపయ్యాక మాధురి పక్కనున్న కాగితం తీసింది. బస్టాండులో పంచే కరపత్రం, ఎవడో జ్యోతిష్యుడిది. గొంతు మార్చి చదవడం మొదలెట్టింది.

"మీ భర్త మొండివాడా? మీ మాట వినడం లేదా? మూడే మూడు రోజుల్లో మీ చెప్పుచేతల్లో!"

"మూడు రోజులేనటే? మీ తాతకి ముప్పయ్యేళ్లు చాల్లేదు," అంది మా అమ్మ.

రాజ్యం నవ్వింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కాదు. తల వెనక్కి వాల్చి, గట్టిగా, భుజాలు కదిలేలా. చేతికి మిరప ఘాటు అంటి, కళ్లలో నీళ్లు వేళ్లతో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంటూ నవ్వింది. హాలంతా నవ్వింది. ఆడవాళ్ల వరసల్లోంచి ఇంకా పెద్దగా వినిపించింది. నేనూ నవ్వాను.

అప్పుడు తెరలో ఎక్కడో దూరంగా బుల్లెట్ చప్పుడు మొదలైంది.

ముందు నాకే అర్థం కాలేదు. బయట రోడ్డు మీద బండేమో అనుకున్నాను. తెర మీద ముగ్గురూ ఇంకా నవ్వు మొహాలతోనే ఉన్నారు. కానీ రాజ్యం మెడ తిరిగింది. మాధురి చదవడం ఆపింది. చప్పుడు దగ్గరవుతోంది. మాధురి కాగితం మడిచి గోనెసంచీ కిందకి తోసింది. మా అమ్మ చాచుకున్న కాళ్లు ముడుచుకుని, ఇందాక వెనక్కి నెట్టిన చేటని దగ్గరికి లాక్కుంది. రాజ్యం పైట సర్దుకుంది. గుట్టలో చెయ్యిపెట్టి ముందుకంటే వేగంగా ఏరడం మొదలెట్టింది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు. చూపులు కూడా కలవలేదు. మడికట్టులో నీళ్లు మళ్లించినంత మామూలుగా జరిగిపోయింది అదంతా.

బండి ఆగింది. వెనక తలుపు తెరుచుకుంది. నేను లోపలికి వచ్చాను.

"నీళ్లు," అన్నాను తెర మీద. అరవలేదు. మామూలుగానే అన్నాను. రాజ్యం నేను ఆ మాట పూర్తి చెయ్యకముందే లేచింది. చెంబు అందించి, నేను తాగినంతసేపూ నా మొహం వైపే చూస్తూ నిలబడింది. ఆకాశం వైపు నేనెలా చూస్తానో అలా. నేను చెంబు ఇచ్చేసి, కెమెరా వైపు ఏదో అని, వెళ్లిపోయాను. బండి స్టార్టయింది. చప్పుడు దూరమైంది. పూర్తిగా పోయింది.

అయినా ముగ్గురూ ఏమీ మాట్లాడలేదు. చేతులు ఆడుతున్నాయి. ఒక కోడి గుట్ట చివరకొచ్చి వెళ్లింది. నేనంతకుముందు ఎన్నో సినిమాలు చూశాను, కానీ అంతసేపు ఏ తెర వైపూ అలా చూడలేదు. ఎవరైనా ఏదో ఒకటి అనాలని, కనీసం దగ్గాలని లోపల మొక్కుకుంటున్నాను. చివరికి ఎప్పుడో మా అమ్మ, "పోయాడులే," అంది. రాజ్యం భుజాలు ఒక అంగుళం కిందకి దిగాయి. అక్కడ షాటు మారింది.

హాల్లో మగాళ్లు కొందరు అప్పటికే లేచి బీడీలకి వెళ్లిపోయారు. బుల్లయ్య ఫోన్ చూసుకుంటున్నాడు. ఎవరికీ ఏమీ కనిపించలేదు. కానీ ఒకటి గమనించాను. తెరలో బండి చప్పుడు మొదలవగానే, మా వరసల్లో నవ్వులు ఇంకా సాగుతుండగానే, ఆడవాళ్ల వైపు నవ్వు ఆగిపోయింది. ఒక్కసారిగా, అందరిదీ.

బయటికొచ్చాక బుల్లయ్య నా వీపు చరిచాడు. "ఒరేయ్ రాఘవులూ, తాలుకాయలేరడం చూడ్డానికి పర్చూరు దాకా రావాలంట్రా? మా ఇంట్లో రోజూ ఉచితమే కదరా! అయినా నీళ్లు తాగే సీను మాత్రం అదరగొట్టావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వడానికి చూశాను. ట్రాక్టరు దగ్గర రాజ్యం నిలబడి ఉంది. ఆవిడ మొహంలో ఏముందో తెలుసుకోవాలని చూశాను. అక్కడ ఏమీ లేదు. ముప్పయ్యేళ్లుగా నేను చూసిన మొహమే.

ఆ తర్వాత మూడు రోజులు నాకు ఇంటికెళ్లాలంటే భయం వేసింది. మా ఇంటికే. పనేమీ లేకపోయినా బుల్లయ్య వాళ్ల పశువుల కొట్టం దగ్గర కూర్చునేవాణ్ణి. వాళ్లు ఇప్పుడు ఏం మాట్లాడుకుంటున్నారో, నేను వెళ్తే ఏం దాచేస్తారో అనిపించేది. రాజ్యం సినిమాలో అది చూసిందా లేదా అన్నది ఒక బాధ. చూసి ఉంటే చూసిందని చెప్పదేం అన్నది ఇంకో బాధ.

మూడోరోజు బండి బుల్లయ్య ఇంటి దగ్గరే వదిలేసి నడిచి వెళ్లాను. చప్పుడు లేకుండా వెళ్తే వాళ్లు మామూలుగా ఉంటారని నా ఆలోచన. మధ్యాహ్నం పన్నెండు. తలుపు తోసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. రాజ్యం ఇటు తిరిగి నన్ను చూసి కెవ్వుమంది. చేతిలో పప్పు గిన్నె జారి నేల మీద పడింది. వేడి పప్పు ఆవిడ పాదాల మీద చిందింది. అప్పుడు కూడా ఆవిడ కాలు చూసుకోలేదు, నన్నే చూసింది.

"జారిపోయిందండీ. తుడిచేస్తాను. ఇప్పుడే మళ్లీ పెట్టేస్తాను," అంటోంది.

"కాలు కాలింది కదే," అన్నాను. బయటి నుంచి చన్నీళ్లు తెచ్చి పోశాను. ఆవిడ కాలు వెనక్కి లాక్కుంది. మళ్లీ తనే ముందుకు పెట్టింది.

"బండేది?" అంది కాసేపటికి.

"నడిచొచ్చాను. చప్పుడు ఎందుకని."

రాజ్యం ఆలోచించింది. నేనెందుకలా వచ్చానో ఆవిడకి తెలిసిపోయిందని నాకు అనిపించింది.

"బండి మీదే రండి," అంది. "చప్పుడుంటేనే నయం. ముందు తెలుస్తుంది."

కోపంగా అనలేదు. నూనె అయిపోయింది తెండి అన్నట్టే అంది. వాకిట్లోకి వచ్చి మెట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. బిందెలు, కంచాలు, ఒకసారి ఫోను, మాధురి పదో తరగతిలో ఉండగా ఆ పిల్ల పరీక్ష అట్ట. విసిరినవన్నీ ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఏదీ ఎవరికీ తగల్లేదు.

గురువారం శ్రీరమ్య కాగితాలు పట్టుకుని వచ్చింది. కారు దిగుతుండగానే పక్కకి తీసుకెళ్లాను.

"ఆ పంచలో సీను కావాలనే పెట్టావా?"

శ్రీరమ్య నేల చూసింది. ఆ పిల్లకీ నేనంటే భయమేనని అప్పుడే అర్థమైంది నాకు. అయినా చెప్పింది.

"నేను పెట్టింది కాదు పెదనాన్నా. అది జరిగింది. నేను తీసెయ్యలేదు, అంతే. మీరు వద్దంటే తీసేస్తాను. మాటిచ్చాను కదా."

"అందులో మేమెలా కనిపిస్తామో ఆలోచించావా?"

"నెలన్నర ఆలోచించాను. ఆరుసార్లు తీసేసి, ఆరుసార్లు మళ్లీ పెట్టాను."

లోపల అందరం కూర్చున్నాం. అమ్మ మంచం మీద, మాధురి గుమ్మం దగ్గర. రాజ్యం కాలికి మందు రాసుకుని కింద కూర్చుని గోరుచిక్కుడుకాయలు తుంచుతోంది. నేను గొంతు సవరించుకున్నాను. ముందే అనుకున్న మాటలు చెప్పాను.

"సినిమా బాగుందమ్మా. కష్టపడ్డావు. కాకపోతే జనానికి బోరు కొడుతోంది. హాల్లో చూశావుగా, సగంమంది లేచిపోయారు. ఆ తాలు ఏరేది మరీ పదకొండు నిమిషాలు! అందులో ఏం జరిగిందని? అది తీసేస్తే సినిమా పరిగెడుతుంది. నీ మంచికే చెబుతున్నా."

నేను చెప్పిందాంట్లో అబద్ధం లేదు. జనం నిజంగానే లేచిపోయారు. నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఇది నా గురించి కాదు, సినిమా గురించి అని నేనే నమ్మబోయాను.

"నాకైతే కూర్చునీ కూర్చునీ కాళ్లు తిమ్మిరెక్కాయే," అంది అమ్మ.

శ్రీరమ్య మాధురి వైపు చూసింది. "నువ్వేమంటావే?"

మాధురి ముందు నా వైపు చూసింది. "అవునక్కా. అదొక్కటీ కొంచెం సాగదీసినట్టుంది. నాన్న చెప్పింది కరెక్టే." పంచలో కాగితాన్ని గోనె కిందకి తోసినప్పటి మొహమే అది. ఇప్పుడు నాకు దాన్ని గుర్తుపట్టడం వచ్చేసింది. వచ్చాక ఇక రానట్టు ఉండటం కుదరడంలేదు.

"సరే పెదనాన్నా," అంది శ్రీరమ్య. కాగితం మీద ఏదో రాసుకోబోయింది.

"నాకు బోరు కొట్టలేదు," అంది రాజ్యం.

తలెత్తలేదు. గోరుచిక్కుడు ఈనె తీసి పక్కన పడేసింది. అందరం ఆవిడ వైపు తిరిగాం. మా ఇంట్లో పదిమంది కూర్చున్న చోట, నేనొక మాట చెప్పాక, ఆవిడ ఇంకో మాట చెప్పడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. ఇంకో కాయ తీసుకుని తుంచింది.

"మొత్తం చూశాను," అంది. తర్వాత నా వైపు చూసింది. "మీరూ చూశారు కదా?"

వీధిలో ఎవడో కొబ్బరిబోండాలమ్ముతూ కేకేస్తున్నాడు. వాడి కేక మలుపు తిరిగి పోయింది. లేచి వెళ్లిపోవచ్చు. అరవొచ్చు కూడా. అరిస్తే అంతా సర్దుకుంటుందని నాకు తెలుసు. ఆ సర్దుకోవడం ఎలా ఉంటుందో హాల్లో చూసి వచ్చాను.

"చూశాను," అన్నాను.

పెన్ను అడిగాను. శ్రీరమ్య ఇచ్చింది. కాగితంలో ఏముందో చదవలేకపోయాను, అక్షరాలు నిలవలేదు. చూపించిన చోట సంతకం పెట్టాను. రాజ్యం చేతులు చీర చెంగుకి తుడుచుకుని నా తర్వాత పెట్టింది. ఆవిడ సంతకం తెలుగులో, పేరు మొత్తం, నిదానంగా పెట్టింది.

శ్రీరమ్య సినిమా రెండు మూడు చోట్లకి వెళ్లింది. ఒకచోట బాగుందన్నారట, ఇంకోచోట సగంలో లేచిపోయారట. ఇప్పటికీ నాకు అలాంటి సినిమాలు చూడబుద్ధి కాదు. ఫైట్లు ఉంటేనే వెళ్తాను. కానీ ఎవరైనా అలాంటివాటిలో ఏముంది, ఏమీ జరగదు అంటే మాత్రం ఊరుకుంటాను.

నేను ఆ ఒక్కరోజుతో మారిపోయానంటే అబద్ధం. జూన్ నెలాఖర్లో మాధురికి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. చీరాల దాటి ఒంటరిగా ఎప్పుడూ వెళ్లని పిల్ల. నాకు చెప్పకుండా పరీక్ష రాసిందని ఆరోజే తెలిసింది. ఆ ఊరు, ఆ హాస్టలు, ఆ రైళ్లు అన్నీ ఒక్కసారి కళ్లముందుకొచ్చాయి. నోరు తెరిచాను. ఎవర్నడిగి రాశావన్నాను. నేను బతికే ఉన్నానా చచ్చానా అన్నాను. వీధిలోవాళ్లు ఆగి చూసేంత గట్టిగా అరిచాను. మాధురి గోడకి ఆనుకుపోయింది. అమ్మ దేవుడి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

రాజ్యం వంటింట్లోంచి వచ్చింది. మాధురికీ నాకూ మధ్యలో నిలబడింది. కుర్చీ ఒకటి లాగి అక్కడ వేసింది. మొహం పాలిపోయి ఉంది.

"కానివ్వండి," అంది. "మీరు అరవడం అయ్యాక నేను చెప్తాను."

నేను ఇంకా ఏదో అన్నాను. ఆవిడ కదల్లేదు. మళ్లీ ఏదో అన్నాను, ఈసారి మధ్యలో మాట తడబడింది. ఏమంటున్నానో నాకే తెలియడం మానేసింది. ఆవిడ నా మొహం వైపు చూస్తూ నిలబడే ఉంది. కుర్చీ వీపు పట్టుకున్న వేళ్లు తెల్లగా అయ్యాయి. చెయ్యి తియ్యలేదు.

"అయిందా?" అంది.

"అయింది," అన్నాను.

"కూర్చోండి."

కూర్చున్నాను.